మామయ్య వేసిన దస్తీ

ఈ రోజు చికాగోలో ఒక బస్సు బస్సంతా మమ్మల్ని అనుమానంగా చూసింది.

నడిగూడెం నుంచి నెల రోజులు ఉండి వెళ్దామని వచ్చిన మా మేనమామతో ఊరు చూడ్డానికి బయల్దేరాను. స్టాపులో నలుగురు వరుసగా ఎక్కుతున్నారు. మామయ్య ఆగలేకపోయారు. పక్కకెళ్లి, తెరిచి ఉన్న కిటికీలోంచి సీటు మీదికి దస్తీ, అదే చేతిరుమాలు, విసిరారు. మా సూర్యాపేట బస్టాండులో సీటు ఆపుకునేది ఇలాగే. గాలికి ఎగరకుండా ముందే అందులో వక్కల డబ్బా పెట్టి ముడేశారు కూడా.

మేం ఎక్కేసరికి ఆ మూట చుట్టూ రెండు వరుసలు ఖాళీ అయ్యాయి. ఒకతను ఫోన్ ఎత్తి పట్టుకుని మూటనీ మమ్మల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. డ్రైవరమ్మ లేచి వచ్చి, "ఇదెవరిది? లోపల ఏముంది?" అని గట్టిగా అడిగింది. మామయ్య తాపీగా ముడి విప్పి, మూత తీసి, ఆమెకు ఒక వక్క ఇవ్వబోయారు. ఆమె తీసుకోలేదు. దిగేదాకా అద్దంలోంచి మమ్మల్నే చూసింది.

"సూసినవా బిడ్డా," అన్నారు మామయ్య, కాళ్లు చాపుకుని. "మన తాన దస్తీ తీసి అవతల పారేసి కూసుంటరు. గీడ దస్తీకి ఎంత ఇజ్జత్ ఉన్నదో!"

అది ఇజ్జత్ కాదని ఆయనకి ఇంకా చెప్పలేదు. రేపు రైలెక్కాలి. ఇప్పుడే చూశాను, మామయ్య దస్తీలు ఉతికి ఆరేశారు. ఈసారి రెండు. మీరైతే నిజం చెబుతారా, దస్తీలు దాచేస్తారా?