నూనె అందని సుత్తి

విజయనగరంలో ఏ భజన బృందం హార్మోనియం మూగబోయినా కబురు వెళ్లేది అప్పలసూరికే. ఆ పేరుతో పాటు కాస్త గీర కూడా వచ్చింది. అందుకే సంగీతం నేర్పే రాజకుమారి టీచరుగారు తన పాత పియానో చూపించి, "సుత్తుల కీళ్లు అరిగిపోయి టకటకమంటున్నాయి, బాగుచేయగలవా?" అని అడిగితే, తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. కుట్టుమిషనుకు వేసినట్టు కీలుకీలుకీ నూనె వేసి వచ్చాడు.

కీళ్లలోని ఉన్నిగుడ్డ ఆ నూనె తాగి ఉబ్బింది. మెట్టు నొక్కితే సుత్తి వెళ్లి తీగను కొట్టి, వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయేది. కొరివితో తల గోక్కున్నట్టయింది. శనివారం తుక్కు కొనే ధనరాజు వస్తాడని మాత్రం చెప్పారు టీచరుగారు. తిట్టి ఉంటేనే అప్పలసూరికి బాగుండేది.

"శనివారం దాకా నాకొగ్గీండమ్మా" అని బతిమాలి, సుత్తులన్నీ విప్పి ఇంటికి తెచ్చాడు. అప్పుడు కంటబడింది చిట్టచివరిది. ఆ రోజు సీసా ఖాళీ అయిపోయి దానికి నూనె అందలేదు. ఎవరూ పెద్దగా వాయించని మెట్టుది కనుక అరిగిందీ లేదు. వేలితో కదిపితే ఆరుసార్లు ఊగి ఆగింది.

"ఏటి, దాన్నలగ ఊపుతన్నావు?" అంది భార్య ఈశ్వరి.

"ఇదే మనకి గురువు. మిగతావన్నీ దీనిలాగే ఊగాల."

ఈశ్వరి భోగాపురం పక్కన చేపలు పట్టేవాళ్లింటి పిల్ల, వలలు బాగుచేసిన చెయ్యి. అతను పాత గుడ్డ పీకి కీళ్లు కడిగి ఆరబెడితే, ఆమె హార్మోనియాలకు వాడే ఉన్నిగుడ్డను సన్నటి పీలికలు చేసి, మొన మెలిపెట్టి కీలు రంధ్రంలోంచి లాగేది. అతను ఇత్తడి తీగ ముక్కను పిన్నుగా దిగేసి ఊపి చూసేవాడు. ఆరు ఊగకపోతే విప్పి మళ్లీ మొదలు. "సాల్లే, అయిదూగింది కదా" అని ఆమె విసుక్కున్నా వినలేదు. నాలుగు రోజులు ఆ ఇంట్లో వేళకు వంట లేదు.

శనివారం ధనరాజు బండితో దిగేసరికి, టీచరుగారింట్లో ఈశ్వరి సాయం పడుతుంటే అప్పలసూరి చివరి మర బిగిస్తున్నాడు. టీచరుగారు కూర్చుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కో మెట్టూ నొక్కారు. ప్రతి సుత్తీ కొట్టి వెనక్కి వచ్చింది. ఆమె ఇక ఆగలేక రెండు చేతులా వాయించారు. వీధిన పోయేవాళ్లు గుమ్మం ముందు గుమిగూడారు. అప్పలసూరికి పట్టలేనంత సంతోషం.

"ఇంత బాగా పలుకుతంటే తుక్కని నన్నెందుకు పిలిసినారు?" అన్నాడు ధనరాజు.

టీచరుగారు మాట మార్చబోయారు. అప్పలసూరి మార్చనివ్వలేదు. అంతమంది ముందూ తలెత్తి, "నానే పాడుసేసినాను. బాగుసేసిందీ నానే" అన్నాడు.

వెనకనుంచి ఈశ్వరి అతని వీపున ఒక్కటి చరిచింది.

"పాడుసేసింది నువ్వు. బాగుసేసింది మనం."