రెండో సాక్షి సంతకం

జక్కయ్య సంతకం పెడుతుంటే చూడాలి. ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. కాగితాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పుకుంటాడు. ఇంటిపేరు పొట్టిగా, పేరు పొడుగ్గా రాసి, కింద ఒక గీత గీసి, ఆ గీత మీద రెండు చుక్కలు పెడతాడు. బాపట్ల నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఢిల్లీలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టుల మీద పెట్టీ పెట్టీ సానబెట్టుకున్న సంతకం అది. రిటైరయ్యాక రిపోర్టులు పోయాయి గానీ పెళ్లి రిజిస్టర్లు మిగిలాయి. చర్చిలో తెలుగు సంఘానికి సెక్రటరీ ఆయనే మరి. మయూర్ విహార్ చుట్టుపక్కల ఇరవై రెండేళ్లుగా జరిగిన తెలుగు క్రైస్తవ పెళ్లిళ్లలో, సాక్షి గడిలో ఆ రెండు చుక్కలు లేని పెళ్లి వెతికినా దొరకదు. ఇంకెవరైనా పెన్ను తీయబోతే ఆయన ముఖం మాడిపోయేది. అది ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పెన్ను తీసేవాళ్లు కాదు.

పెద్దమనిషికి ఆమాత్రం ముచ్చట ఉంటే తప్పేమిటని అందరూ అనుకున్నారు. అదే చర్చికి వెళ్లే నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ ముచ్చటే ఆయన కొంప ముంచింది.

ఆయన, భార్య రెబ్కా ఉంటున్న ఫ్లాటు వాళ్లది కాదు, కమలాకుమారి ఆంటీది. ఆవిడ ఒంగోలులో పుట్టి, నర్సుగా ఇంగ్లండు వెళ్లి, నలభై ఏళ్లు అక్కడే పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. అక్కడి చలికి కీళ్లు పట్టేశాక, ఎప్పుడో కొనిపెట్టుకున్న మయూర్ విహార్ ఫ్లాటుకు వచ్చి స్థిరపడింది. తోడుగా ఉండే మనిషి కావాలని చర్చిలో అడిగితే, తనూ నర్సే కాబట్టి రెబ్కా ఒప్పుకుంది. మొదట్లో డ్యూటీ అయ్యాక వెళ్లి చూసి వచ్చేది. ఆంటీ తుంటి విరిగాక ఉద్యోగం మానేసి, మొగుడితో సహా ఆ ఇంట్లోకే మారిపోయింది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. స్నానం చేయించడం, ఇంజెక్షన్లు, కోపమొస్తే ఇంగ్లీషులో తిట్లు పడటం, మనసు బాగుంటే ఒంగోలు కబుర్లు వినడం, అన్నీ రెబ్కావే. నా తర్వాత ఈ ఇల్లు నీదే పిల్లా అని ఆంటీ పదిమంది ముందు చెప్పేది. ఆ మాట నమ్ముకుని రెబ్కా ఇంకెక్కడా గూడు చూసుకోలేదు.

ఆంటీ ఒట్టి మాటలు చెప్పే మనిషి కాదు. ఇంగ్లండులో ఉన్న ఇంటికి అక్కడి లాయరు చేత విల్లు రాయించి, దాన్ని లెస్టర్‌లో ఉంటున్న తమ్ముడి కొడుకు నథానియేలుకు ఇచ్చింది. ఢిల్లీ ఫ్లాటుకు ఢిల్లీలోనే వేరే విల్లు రాసుకోమని ఆ లాయరే సలహా చెప్పి, ఎలా రాయాలో, ఏం చేయకూడదో వివరిస్తూ నాలుగు పేజీల ఉత్తరం పంపాడు. అప్పటికే ఆంటీకి చూపు బాగా తగ్గింది. ఉత్తరం జక్కయ్య చేతిలో పెట్టి చదివి చెప్పమంది. రెండు పేజీలు అయ్యేసరికి టీ వచ్చింది. టీ అయ్యేసరికి టీవీలో క్రికెట్ మొదలైంది. ఆయన ఉత్తరం మడిచేసి, అంతా చదివేశానని, అన్నీ మనకు తెలిసినవేనని, ఇద్దరు సాక్షులుంటే చాలని చెప్పేశాడు.

విల్లు మీద సంతకాలు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోనే జరిగాయి. పాస్టరుగారు ఒక సాక్షి. రెండో సాక్షిగా పై అంతస్తు జనార్దనరావుగారిని ఆంటీయే పిలిపించింది. ఆంటీ సంతకం చేసింది, పాస్టరుగారు చేశారు. జనార్దనరావు కుర్చీలోంచి లేవబోతుంటే జక్కయ్య నవ్వుతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఇంట్లో మనిషిని నేనున్నాగా, మీకెందుకండీ శ్రమ?"

కళ్లజోడు తుడుచుకున్నాడు. గీత గీశాడు. రెండు చుక్కలు పెట్టాడు. జనార్దనరావు టీ తాగి, బిస్కెట్లు తిని, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఈ ఫిబ్రవరిలో ఆంటీ పోయింది. నలభై రోజులు గడిచాక ఫ్లాటుకు రెబ్కా పేరు ఎక్కించమని అపార్ట్‌మెంటు సొసైటీ ఆఫీసుకు వెళితే, లాయరు చేత ఒక లెటర్ రాయించుకు రమ్మన్నారు. అందుకని ఇద్దరూ కిరణ్మయి దగ్గరికి వెళ్లారు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, మెట్రో స్టేషను దగ్గర చిన్న ఆఫీసు. రెబ్కా కొత్త చీర కట్టుకుంది. జక్కయ్య స్వీట్ల డబ్బా కూడా పట్టుకెళ్లాడు.

కిరణ్మయి విల్లు రెండుసార్లు చదివి, చివరి పేజీ అడుగున వేలు పెట్టింది.

"ఈ సెకండ్ విట్‌నెస్ మీరేనా అంకుల్?"

"నేనేనమ్మా" అన్నాడు జక్కయ్య నిటారుగా కూర్చుంటూ.

"రెబ్కా ఆంటీ మీకేమవుతారు?"

"మా ఆవిడ."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి మంచినీళ్లు తెప్పించింది. అడక్కుండానే లాయరు మంచినీళ్లు ఇస్తే భయపడాలని పాపం ఆయనకేం తెలుసు? తర్వాత ఆమె మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఆంటీ బ్రిటిష్ పౌరురాలే అయినా, ఫ్లాటు ఇక్కడుంది కాబట్టి దానికి ఇక్కడి చట్టమే. విల్లు వల్ల ఎవరికి ఆస్తి వస్తుందో వాళ్లు గానీ, వాళ్ల భర్త గానీ, భార్య గానీ దానిమీద సాక్షిగా సంతకం పెట్టకూడదు. పెడితే వాళ్లకు రాసింది పోతుంది.

జక్కయ్య నవ్వాడు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాడు. జనార్దనరావుగారి అమ్మగారు కూతురికి ఇల్లు రాస్తే అల్లుడే సాక్షి సంతకం పెట్టాడని, అంతా సవ్యంగా జరిగిపోయిందని, కావాలంటే అడగమని చెప్పాడు.

"వాళ్లు హిందువులు అంకుల్. ఆ సెక్షన్ వాళ్లకు అప్లై కాదు. క్రిస్టియన్స్‌కి అవుతుంది." కిరణ్మయి విల్లును రెబ్కా వైపు తిప్పింది. "విల్లు చెల్లుతుంది. రెబ్కా ఆంటీకి ఇల్లు ఇవ్వడం మాత్రం చెల్లదు. కమలాకుమారిగారికి మిగిలిన వారసుడు నథానియేలుగారే కాబట్టి అది ఆయనకు వెళ్తుంది."

జక్కయ్య కాగితం మీదికి వంగి చూశాడు. కాగితం మీద తన పేరు, గీత, రెండు చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మిగతా గదంతా మసకబారింది. తన సంతకం కొట్టేస్తే సరిపోదా అని అడిగాడు. రాసినావిడ లేదు కదా అంకుల్ అంది ఆ అమ్మాయి. స్వీట్ల డబ్బా బల్ల మీద అలాగే ఉండిపోయింది. రెబ్కా చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది.

ఇంటికి రాగానే ఆయన ఆంటీ సొరుగు తీసి ఆ ఉత్తరం వెతికాడు. దొరికింది. మూడో పేజీలో, పైనుంచి నాలుగో లైను. విల్లు వల్ల లాభం పొందేవాళ్లనూ, వాళ్ల జీవిత భాగస్వాములనూ ఎట్టి పరిస్థితుల్లోనూ సాక్షులుగా పెట్టుకోవద్దు. ఆ లైను కింద ఇంగ్లండు లాయరు స్కేలు పెట్టి మరీ గీత గీశాడు. జక్కయ్య మంచం అంచున కూర్చుని ఆ లైను మళ్లీ చదివాడు. వంటింట్లో రెబ్కా గిన్నెలు కడుగుతోంది. ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది మూడు వారాలు ఒక చొక్కా జేబులోంచి ఇంకో చొక్కా జేబులోకి మారుతూనే ఉంది.

ఈలోగా నథానియేలు ఫోన్ చేశాడు. చెడ్డవాడేం కాదు. మేనత్తను బాగా చూసుకున్నందుకు ఇంగ్లీషులో చాలాసేపు కృతజ్ఞతలు చెప్పాడు. తనకు ఢిల్లీలో పనిలేదని, ఫ్లాటు అమ్మేస్తానని, కొనేవాళ్లు దొరికేదాకా ఉండొచ్చని కూడా చెప్పాడు. రెబ్కా ఫోన్ పట్టుకుని తెలుగులో సరే బాబూ అంది. ఎవరో తెలియని ఆఫీసువాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. తొమ్మిదేళ్ల చాకిరీ రెండు మాటలతో ముగిసిపోయింది. నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మూడో వారం ఆదివారం చర్చిలో పెళ్లి. పాస్టరుగారు అలవాటుగా రిజిస్టరును జక్కయ్య ముందుకు జరిపారు. జక్కయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ పేజీని పైనుంచి కింది దాకా, ఒక్కో అక్షరం చదివాడు. వధువు, వరుడు నిలబడే ఉన్నారు. వెనక ఎవరో దగ్గారు. చదవడం అయ్యాక ఆయన పెన్ను మూత పెట్టేసి, పక్కనున్న పెళ్లికొడుకు మేనమామకు ఇచ్చాడు. భోజనానికి ఆగకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

రెబ్కా బాల్కనీలో బట్టలు తీస్తోంది. ఆయన ఎదురుగా నిలబడి జేబులోంచి ఉత్తరం తీశాడు.

"నేనిది మొత్తం చదవలేదు రెబ్కా. రెండు పేజీలే చదివా. మొత్తం చదివేశానని ఆంటీకి అబద్ధం చెప్పా."

ఆమె బట్టలు భుజం మీద వేసుకుని ఉత్తరం తీసుకుంది. మూడో పేజీ చదివింది. గీత ఉన్నచోట వేలు ఆగింది. అరుస్తుందని చూశాడు. అరిచినా బాగుండు, తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు. ఆమె గీత మీంచి వేలు తీయకుండానే చెప్పింది.

"ఈ ఉత్తరం చదివిన రోజు మీరు అవతల గదిలోకెళ్లాక ఆంటీ నన్నడిగింది. జక్కయ్య అంతా చదివాడంటావా పిల్లా, లేకపోతే పాస్టరుగారి చేత ఇంకోసారి చదివిద్దామా అని."

జక్కయ్య తలెత్తాడు.

"ఎందుకాంటీ, చదవకుండా చదివానని చెప్పే మనిషి కాదు ఆయన, అన్నాను."

పాత మడతల మీదే ఉత్తరం మడిచి ఆయన చేతిలో పెట్టి, ఆమె బట్టలు తీసుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి, అటక మీది సూట్‌కేసులు కిందికి దించుతున్న చప్పుడు వినిపించింది.