రెండు గాట్ల మోటరు

కంపెనీ మనిషి నవ్వుతూ మాట్లాడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి ఒక నవ్వును నమ్మే మా నాయన బావి మీది మోటరును నా చేతులతో నేనే ఊడదీసి తీసుకెళ్లాను.

నేరేడుచర్ల దగ్గర మాకు రెండెకరాల పొలం, ఒక బావి, ఒక గొర్రెల మంద ఉండేవి. నేను కోదాడలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి లోకం తెలిసినవాణ్ణి కూడా నేనేనని నా నమ్మకం. ఎడమ చెవికి రెండు గాట్లు మా ఇంటి గొర్రెల గుర్తు. గొర్రె తప్పిపోయి ఎవరి మందలో కలిసినా, చెవి చూసి మారుమాట లేకుండా తోలి ఇస్తారు. 2001లో మోటరు కొన్న రోజే నాయన దాని ఇనుప అంచు మీద ఉలితో రెండు గాట్లు కొట్టాడు. ఎవరెత్తుకుపోయినా దొరుకుతుందని ఆయన ధీమా. తర్వాత అది మూడుసార్లు కాలింది. మూడుసార్లూ నేరేడుచర్ల వైండింగ్ మేస్త్రీ కొత్త రాగితీగ చుట్టాడు, మర్నాటికల్లా నీళ్లు పోసింది.

కొన్నేళ్లకు మిర్యాలగూడలో ఒక దుకాణం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పాత మోటరు తెస్తే కొత్తదాని ధర తగ్గిస్తారట. కంపెనీ తరఫున వచ్చిన టై మనిషి నాకు రంగు కాగితాలు చూపించాడు. కరెంటు తక్కువ తాగుతుంది, బరువు తక్కువ, రెండేళ్ల వారంటీ. మా పాతదాన్ని తుక్కు కింద తీసుకుంటామని జాలి కూడా పడ్డాడు.

"నడిసేదాన్ని మార్చుడెందుకురా?" అన్నాడు నాయన.

"నీకు తెల్వదు నాయనా. గిప్పుడంతా కొత్త టెక్నాలజీ" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యాసంగి వరి పొట్ట మీద ఉండగా కొత్త మోటరు కాలింది. నాలుగు నెలలు కూడా నడవలేదు. మోసుకుని దుకాణానికి వెళ్తే టై మనిషి లేడు. దుకాణం సేటు వారంటీ కార్డు తిప్పి, వెనక చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు.

"లో ఓల్టేజీకి కాలితే వారంటీ రాదు సార్. కంపెనోళ్లు గట్ల రాసిండ్రు, నేనేం జెయ్యాలె."

మా పల్లెల్లో ఓల్టేజీ సరిగ్గా ఉన్నదెప్పుడు? అది వాళ్లకు తెలుసు. తెలిసే అమ్మారు, తెలిసే రాశారు. దాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రాదు. అది పట్టపగటి దోపిడీ.

మేస్త్రీ దాన్ని విప్పి తీగను బ్లేడుతో గీకాడు. పైన రాగి రంగు, లోపల తెల్లటి అల్యూమినియం.

"గిది కాలినంక పారేసేటందుకే జేసిండ్రు సార్. సుట్టినా నిలవది. పాతది తీస్కరా, పొద్దుగూకేలోపు కడ్త."

పాతదాని కోసం మళ్లీ దుకాణానికి పరుగెత్తాను. తుక్కులోకి పోయిందన్నారు. కిరాయికి డీజిల్ ఇంజను వెతికేసరికి పొలం నెర్రెలు బారింది, వరి తెల్లబడిపోయింది. ఒక ఉదయం నాయన మందను ఆ వరిలోకి తోలాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. మధ్యాహ్నానికి పొలంలో మోళ్లు మిగిలాయి.

ఎండాకాలం సెలవుల్లో నేనూ ఆయనతో పాటు మంద వెంట పాలకీడు వైపు వెళ్లాను. నీళ్ల కోసం ఒక బావి దగ్గర ఆగాం. మోటరు నడుస్తోంది. నాయన దాని పక్కన గొంతుక్కూర్చుని, గొర్రె చెవి తడిమినట్టు అంచు తడిమాడు. కొత్తగా వేసిన నీలం రంగు కింద రెండు గాట్లు ఉన్నాయి.

"ఏడ గొన్నవ్?" అని పొలం రైతును అడిగాడు.

"మిర్యాలగూడల, కాకా. పాతదే గని గట్టిది. గిప్పటి మోటర్లు పనికిరావని ఆ సేటే జెప్పిండు."

నాయన నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. గొర్రెలన్నీ తాగేదాకా ఆయన అక్కడే కూర్చుని, తర్వాత కర్ర అందుకుని లేచాడు. మందను మళ్లీ బాట ఎక్కించాడు.

"గొర్రె అయితే తోలుకొచ్చేటోణ్ణి" అన్నాడు.