పదో టోపీ

ఐరా జెల్నిక్‌కి ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు చివర, తాళాలు బాగుచేసే కొట్టు ఉంది. అతని గురించి చెప్పాలంటే ముందు వీరగాథలు చెప్పాలి. అమెరికా సైన్యంలో పద్దెనిమిదేళ్ళ పాటు రిజర్వు సార్జెంటు. అన్నేళ్ళలో అతని తుపాకీ గురిపెట్టింది అట్టబొమ్మల మీదే, వాటిలోనూ చాలావరకు క్షేమంగా బయటపడ్డాయి. మేజోళ్ళ పంపిణీలో మాత్రం అతన్ని మించిన మొనగాడు లేడు. రెండువేల ఐదులో, నలభై మూడేళ్ళ వయసున, బొజ్జతో సహా ఇరాక్ యుద్ధానికి వెళ్ళి, ఎడారిలో ఒక స్థావరంలో స్టోర్సు పగ్గాలు పట్టాడు. ఆ ఏడాది అక్కడ చిరిగిన మేజోళ్ళతో యుద్ధం చేసిన సైనికుడు ఒక్కడూ లేడు. చరిత్రకారులు ఈ సంగతి ఇంకా రాయలేదు.

తండ్రి హైమన్ సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మీదికి వెళ్ళినప్పుడు ఆయన మెళ్ళో సైన్యం వేసిన గుర్తింపు బిళ్ళ మీద యూదుడని తెలిపే అక్షరం ఉండేది. పట్టుబడితే ఆ ఒక్క అక్షరమే ప్రాణం తీస్తుంది, విసిరి పారెయ్యమని తోటివాళ్ళు బతిమాలారు. "ఇచ్చింది అమెరికా సర్కారు. జర్మనీ వాడికి భయపడి తీస్తానా?" అని, దాన్ని మెళ్ళో వేసుకునే వెళ్ళాడు, వేసుకునే తిరిగొచ్చాడు.

కొడుకో? ఇరాక్ ప్రయాణానికి కొత్త బిళ్ళ కొట్టించే వేళ భార్య రోండా ఏడ్చి మొత్తుకుంటే, మతం ఉండాల్సిన చోట 'నో ప్రిఫరెన్స్' అని కొట్టించుకున్నాడు. ముసలాయన ఆ బిళ్ళను కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చదివాడు.

"అంటే ఏది పెట్టినా తింటావన్నమాట! నిన్ను అడిగింది మతంరా, ఐస్‌క్రీం కాదు."

తండ్రి తనతో అన్న ఆఖరి మాట అదే. మూడు వారాలకు, ఐరా శిక్షణ శిబిరంలో ఉండగా, ముసలాయన పోయాడు.

యూదుల్లో తండ్రి పోయిన తిథికి కొడుకు కద్దీష్ అనే ప్రార్థన చదవాలి. ఒంటరిగా చదివితే చెల్లదు, పదిమంది యూదు మగవాళ్ళు కూడాలి. తొమ్మిదిమంది మహాభక్తులున్నా లాభం లేదు, పదిమంది పోకిరీలున్నా సరిపోతుంది. హైమన్ సంవత్సరీకం అక్టోబరులో వచ్చింది. స్థావరంలోని యూదుల జాబితా తెప్పించుకుని చూస్తే ఆరు పేర్లున్నాయి. అందులో ఐరా పేరే లేదు. బిళ్ళ మీద లేని మతం జాబితాలోకి ఎలా ఎక్కుతుంది? దాక్కున్న దొంగే తోటి దొంగల్ని వెతకడానికి బయల్దేరాడు.

అయితే మనవాడు మేజోళ్ళ మొనగాడు కదా, ఎవడు ఏం పట్టుకెళ్ళాడో మరిచిపోడు. యూదుల పస్కా పండుగకి వచ్చిన పులియని రొట్టెల్ని పంచింది తనే. అప్పుడు ముగ్గురు వచ్చి, "నాక్కాదు, స్నేహితుడికి" అని తలా ఒక పెట్టె పట్టుకెళ్ళారు. ఆ రొట్టె నమిలితే అట్టపెట్టె నమిలినట్టే ఉంటుంది. స్నేహితుడి కోసం అలాంటి రొట్టె మోసుకెళ్ళేవాడు భూమ్మీద పుట్టలేదు. ముగ్గుర్నీ పట్టాడు. ఆరూ మూడూ తొమ్మిది, తనతో పది.

తిథి నాడు మధ్యాహ్నం, ఆ ఆరుగురిలో ఒకడైన పళ్ళ డాక్టర్ని వేరే స్థావరానికి పంపేశారు. సైన్యానికి పన్ను నొప్పి కూడా ముహూర్తం చూసుకునే వస్తుంది.

"నేను నిలబడతాలే బ్రదర్," అన్నాడు నరసింహ. అతను స్టోర్సులోనే మరో సార్జెంటు, గుంటూరు నుంచి ఎడిసన్ చేరి, అక్కణ్ణించి సైన్యంలో చేరినవాడు. "మా ఊళ్ళో తద్దినానికి భోక్త దొరక్కపోతే పక్కూరి నుంచి పట్టుకొచ్చేవాళ్ళం. యూనిఫాం వేశాక ఎవడు చెక్ చేస్తాడు?"

"పైవాడు చేస్తాడు."

"ఆయన్ని మనం మేనేజ్ చెయ్యలేమా?"

"ఆయన్ని మేనేజ్ చెయ్యొచ్చేమో గానీ పక్కన మా నాన్న కూచున్నాడుగా. వేలు పెట్టి చూపిస్తాడు, అదుగో గుంటూరు వాడని."

సూర్యుడు వాలే వేళకు, పదోవాడు ఎవడైనా దొరక్కపోతాడా అన్న ఆశతో, స్టోర్సులో తొమ్మిదిమంది టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. యూదులు తల కప్పుకోకుండా ప్రార్థన చెయ్యరు. సైన్యంలోనేమో గదిలోకి వస్తే టోపీ తియ్యాలి. ఈ రెండో నియమానికి ఆ స్థావరంలో కాపలాదారు మేజర్ కర్టిస్ హాలోవే. ఇరాక్‌లో ఆయన ప్రధాన శత్రువు టోపీ. సరిగ్గా అప్పుడే ఆయన తలుపు తోసుకుని వచ్చి, తన టోపీ తీసి చేత్తో పట్టుకుని గర్జించాడు.

"గదిలో టోపీలా? ఇదేమన్నా బేస్‌బాల్ మైదానమా? సార్జెంట్ జెల్నిక్, ఏం జరుగుతోందిక్కడ?"

సరుకు లెక్కపెడుతున్నామంటే సరిపోయేది. ఐరా నాలిక దాకా వచ్చిన మాటే అది.

"ప్రార్థన, సర్. మా నాన్న తిథి. మాకు తల మీద టోపీ ఉండాలి."

"మాకా? నీ బిళ్ళ మీద అలా లేదే?"

"బిళ్ళ మీదున్నది అబద్ధం, సర్. నేను యూదుణ్ణి. పదిమంది కావాలి, తొమ్మిదిమందిమే ఉన్నాం. పదో మనిషి పళ్ళు పీకడానికి వెళ్ళాడు."

మేజర్ గడ్డం నిమురుకున్నాడు. కిటికీలోంచి వాలుతున్న ఎండ వైపు చూశాడు. చేతిలో టోపీ తలమీద పెట్టుకుని, వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

"మేజర్ గారు రూల్ మర్చిపోయారా ఏంటి?" అని నరసింహ తలుపు దగ్గర్నించి గొణిగాడు.

ఐరా పుస్తకం తెరిచాడు. కద్దీష్ మొదలుపెట్టాడు. ఆమెన్ అనాల్సిన ప్రతి చోటా తొమ్మిది గొంతులు పలికాయి. వాటిలో పుస్తకం చూడకుండా పలికిన గొంతు ఒక్కటే, మేజర్‌ది.

మర్నాడు పొద్దున్నే ఐరా స్టోర్సులో బిళ్ళలు కొట్టే యంత్రం ముందు కూచుని తన బిళ్ళ మళ్ళీ కొట్టుకున్నాడు. తాళాలు చేసిన చెయ్యి కదా, 'జ్యూయిష్' అన్న ప్రతి అక్షరం లోతుగా దిగింది. రోండాకి ఎలా చెప్పాలా అని తల పట్టుకుని ఉండగా మేజర్ వచ్చాడు.

"అలాంటి బిళ్ళ ఇంకోటి కావాలి. నాక్కాదు, ఒక స్నేహితుడికి."

"పేరేంటి, సర్?"

"హాలోవే." ఆయన గొంతు తగ్గించాడు. "వాళ్ళమ్మ పుట్టింటి పేరు గోల్డ్‌ఫార్బ్."

అచ్చమైన యూదు ఇంటిపేరు అది, పైగా తల్లి యూదైతే బిడ్డా యూదే. ఐరా రేకు యంత్రంలో పెట్టాడు. అప్పుడు మేజర్ కళ్ళు అతని నెత్తి మీద పడ్డాయి.

"సార్జెంట్! గదిలో ఉన్నావు, ఆ టోపీ తియ్యి."