జంగమ్మకు తొక్కలు కావాలి

జంగమ్మ తలుపు కొట్టిందంటే ఒకటే మాట: "తొక్కలున్నయా?" ఇబ్రహీంపట్నంలో ఆ కాలనీవాళ్లు పాలప్యాకెట్ మరిచిపోతారేమో గానీ, పొద్దున్నే ఆమె బకెట్‌లోకి బీరకాయ తొక్కలు తీసిపెట్టడం మరవరు. మరిస్తే ఆమె గుమ్మం దిగదు.

కారణం ఆమె ఇంటి వెనక జాగా. ప్లాట్లు చేసినవాడు మొరం పోసి చదును చేసి పోయాడు. గడ్డపార వేస్తే టంగుమనేది. మొదటి ఏడాది బెండకాయలు అగరొత్తుల్లా కాశాయి. అప్పట్నుంచీ తొక్కలు, ఎండుటాకులు, బర్రెపేడ, పైన ఇంత పుల్లమజ్జిగ... ఆ మొరాన్ని పసిపిల్లలా సాకింది.

ఊరికే తీసుకునే రకమూ కాదు.

"శోభా, కూరన్నం గిట్లనే పారేసినవేంది? ఉప్పెక్కువైందా? నా వానపాములు సస్తయ్!"

లోపల శోభ మొగుడు కిసుక్కుమనేవాడు. తను అనలేని మాట అది.

జంగమ్మ ఇంటికి ఎదురు మేడమీద గదిలో విద్యాసాగర్ ఒక్కడే అద్దెకుండేవాడు. సెలవు రోజున ఎవ్వరితోనూ మాట్లాడే పని లేక, గొంతు పనిచేస్తుందో లేదోనని ఓసారి దగ్గి చూసుకునేవాడు. అతని తలుపు కొట్టేది జంగమ్మ ఒక్కతే. చిక్కేమిటంటే అతను వండడు. చాయ్, బిస్కెట్లు. బిస్కెట్‌కు తొక్క ఉండదు.

"లేవా? మరి నీతోని నాకేం పని?" అని ఓనాడు దిగిపోయింది. ఆ మెట్ల చప్పుడు ఆగాక గది మరీ ఖాళీ అయిపోయింది. మర్నాడు జ్యూస్ బండి దగ్గర్నుంచి సంచెడు బత్తాయి తొక్కలు మోసుకొచ్చాడు.

"ఇన్ని ఒక్కనివే తిన్నవా?"

"అవ్ పెద్దమ్మా. మస్తు ఇష్టం."

"మరి బుగ్గలెందుకు పీక్కపోయినయ్ రా?"

ఆ సాయంత్రం గుమ్మంలో సొరకాయ పెట్టింది. "తొక్క నాది. లోపటిది నువ్వేమన్న చేస్కో."

పారెయ్యలేక వండాడు. మాడ్చాడు. మళ్లీ వండాడు.

కొన్నాళ్లకు, బకెట్ మోసిపెడదామని మొదటిసారి ఆమె పెరట్లోకి వెళ్లాడు. మట్టి నల్లగా, మెత్తగా ఉంది. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. ఇక తొక్కలెందుకు? తలుపెవరు కొడతారు?

"మన్ను మంచిగైంది గద పెద్దమ్మా. ఇంక రావా?"

"అది నువ్వీ కాలనీకి రాకముందే మంచిగైంది."

"మరి బకెటెందుకు?"

"తిన్నవా అంటే అందరు తిన్ననే అంటరు. తొక్కలైతే అబద్ధం చెప్పయ్."

విద్యాసాగర్ అడిగాడు: "మరి నీ బకెట్ ఎవరు చూస్తరు?"

జంగమ్మ వినపడనట్టు తోటకూరకు నీళ్లు పోసింది.

మర్నాడు ఆమె బయల్దేరకముందే ఆమె తలుపు చప్పుడైంది. ఎదురుగా బకెట్‌తో విద్యాసాగర్.

"తొక్కలున్నయా?"

"ఉన్నయ్! మస్తున్నయ్!" అంటూ జంగమ్మ గబగబా లోపలికి పోయి, సొరకాయ చెక్కడం మొదలుపెట్టింది.