ఖండప్ప ఓడని యుద్ధాలు

ఖండప్ప నోటి వెంట "ఓడిన" అనే మాట ఎవరూ వినలేదు. ఓడిపోలేదని కాదు. బీదర్‌లో ఆయనంత క్రమం తప్పకుండా ఓడిపోయిన మనిషి, ఎన్నికల్లో నిలబడేవాళ్లను మినహాయిస్తే, ఇంకొకరు లేరు. కానీ ఆ ఓటమితో ఆయనకు ఎలాంటి సంబంధమూ ఉండేది కాదు. బల్ల వాలుగా ఉండేది. ఫ్యాను గాలికి పాచిక పక్కకు దొర్లేది. టీలో చక్కెర ఎక్కువై బుర్ర మందగించేది. ఒక ఆదివారం ఏనుగుల దళమంతా తుడిచిపెట్టుకుపోతే, ఆ నేరాన్ని కిటికీ బయట అరిచిన కాకి మీద వేశాడు.

ఆయన యుద్ధాలన్నీ బల్ల మీదే. చౌబారా బురుజు దగ్గర ఆయన కళ్లద్దాల దుకాణం, దాని పైగదిలో ఆరడుగుల బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, థర్మోకోల్‌తో చేసిన గుట్టలు. చిటికెనవేలంత సిపాయి బొమ్మలు ముక్కలు ముక్కలుగా పార్సిల్‌లో వచ్చేవి. వాటిని కోసి, అతికించి, వెంట్రుకంత బ్రష్‌తో మీసాలకు కూడా రంగు వేసి నిలబెట్టాలి. ఆ తర్వాత ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, వంతులవారీగా తమ సైన్యాన్ని టేపుతో కొలిచి నడిపించాలి. ఎవరు చావాలో పాచిక చెబుతుంది. చివరికి ఎవరి సిపాయిలు ఎక్కువ మిగిలితే వాళ్లు గెలిచినట్టు. బొమ్మలు చచ్చిపోయినా డబ్బాలోంచి లేచి మళ్లీ ఆదివారానికి హాజరవుతాయి. మనుషుల యుద్ధాల కన్నా నయమైన సంగతి ఇదొక్కటే.

ఖండప్పకు ప్రత్యర్థి కూడా ఒక్కడే. పేరు భీమ్‌రావ్. జనవాడ నుంచి వచ్చి ఉస్మాన్‌గంజ్‌లో దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. కళ్లద్దాలు ఖండప్ప దగ్గరే చేయించుకున్నాడు. ఖండప్పది ఏనుగుల సైన్యం, భీమ్‌రావ్‌ది తుపాకుల సైన్యం. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారమూ తుపాకులే గెలిచాయి. అయినా భీమ్‌రావ్‌కు ఒక్క ఆదివారం కూడా గెలిచినట్టు అనిపించలేదు. ఓడినవాడు ఒప్పుకోకపోతే గెలిచినవాడి చేతికి దక్కేదేముంది?

"అన్నా, ఒక్కసారి అను. ఓడిన అను."

"ఎవడు ఓడిండు?"

"నీ ఏనుగులు ఏడున్నయ్?"

"డబ్బాల."

"డబ్బాల ఎందుకున్నయ్?"

"సచ్చినయ్ గాబట్టి."

"ఎవరు సంపిన్రు?"

"ఈ బల్ల. అటు దిక్కు వంగింది సూడు. నీ తుపాకులోళ్లు నడుస్తలేరు భీమ్‌రావ్, జారుతున్నరు."

మరుసటి ఆదివారం భీమ్‌రావ్ జేబులో గోళీ వేసుకుని వచ్చాడు. బల్ల నడిమధ్య పెట్టాడు. గోళీ కదల్లేదు. ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు.

"ఇప్పుడేమంటవ్?"

"గోళీ కొత్తది. దొర్లుడు ఇంక అలవాటు గాలే."

ఇలాంటి మనిషితో ఎలా కాపురం చేస్తున్నావు వదినా అని భీమ్‌రావ్ ఒకసారి ఖండప్ప భార్య ప్రేమలను అడిగాడు. ఆమె పళ్లెంలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "పెండ్లి నాడు గంట లేటుగ వచ్చిండు తమ్మీ. మా నాయిన అడిగితే, 'నేను టయానికే వచ్చిన మామా, ముహూర్తమే జర తొందరపడ్డది' అన్నడు. ఆనాడే నాకు సమజైంది. ఇంక ఏం అడగలే."

ఏనుగుల రంగు సంగతీ అంతే. వాటికి రంగులు వేయడానికి ఖండప్పకు రెండేళ్లు పట్టింది. అంబారీల మీద జరీ గీతలు, చెవుల అంచున గులాబీ మచ్చలు. చివరికి రంగు ఊడకుండా పైన వార్నిష్ కొట్టాలి. తేమ ఉన్నప్పుడు కొట్టొద్దని డబ్బా మీద రాసే ఉంటుంది. ఖండప్ప ఆషాఢం తుంపరలో మేడ మీదికి పోయి కొట్టాడు. తేమ పట్టిన వార్నిష్ బూజులా తెల్లబారింది. కిందికి తెచ్చేసరికి ఏనుగులన్నీ బూడిదలో పొర్లి లేచినట్టున్నాయి.

"ఏందిది, విభూతి పూసినవా?" అంది ప్రేమల.

"తెల్ల ఏనుగులు. ఇంద్రుని దగ్గర ఉండదా?"

"ఇంద్రుని దగ్గర ఒక్కటే ఉంటది."

"ఆయన తాహతు అంతే."

ఈ మాటలకు ఊరంతా నవ్వింది. భీమ్‌రావ్ నవ్వలేదు. దుకాణంలో మెషిన్ తొక్కుతున్నా అతని మనసు బల్ల మీదే ఉండేది. కాజాలు కుట్టేటప్పుడు కూడా, ఈ ఆదివారం ఏం సాకు చెబుతాడో ముందే ఊహించి దానికి జవాబు తయారు చేసుకునేవాడు. ఆదివారం వచ్చేసరికి ఖండప్ప కొత్త సాకుతో సిద్ధంగా ఉండేవాడు. నాలుగు గోడల మధ్య ఈ మనిషి ఎప్పటికీ ఒప్పుకోడని భీమ్‌రావ్‌కు తేలిపోయింది. పదిమందిలో పెట్టి ఒప్పించాలి. ఆ ఒక్క మాట వింటే చాలు, మళ్లీ ఆ గది మెట్లెక్కకపోయినా ఫరవాలేదు అనుకునేదాకా వచ్చింది కసి.

ఆ అవకాశం మళ్లీ ఆషాఢంలోనే వచ్చింది. పెళ్లిళ్లు లేక జనవాడ రోడ్డులోని ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంటే, హైదరాబాద్ ఆటగాళ్లు కొందరు దాన్ని తీసుకుని పోటీ పెట్టారు. సోలాపూర్, కలబురగి నుంచి కూడా జనం పెట్టెల్లో సైన్యాలు మోసుకుని దిగారు. భీమ్‌రావ్ ఇద్దరి పేర్లూ తానే ఇచ్చాడు.

"ఆడ రిఫరీ ఉంటది అన్నా. బల్లలు కూడా సాపుగుంటయ్. ఓడితే మైకుల చెప్తరు."

"చెప్పనీ. మైకులు ఎన్నడు నిజం చెప్పినయ్?"

పోటీ రోజున హాలు వేదిక మీద వధూవరుల సింహాసనాలు అలాగే ఉన్నాయి. వాటి ఎదుట బల్లలు వేశారు. రిఫరీ పేరు జెస్సికా. హైదరాబాద్ అమ్మాయి, మెడలో విజిల్, చేతిలో స్టీలు స్కేలు, ముఖాన నవ్వు లేదు. మొదటి రౌండులో భీమ్‌రావ్‌కు సోలాపూర్ కుర్రాడు పడ్డాడు. భీమ్‌రావ్ మెడలోని దర్జీ టేపు తీసి, ఎప్పటిలాగే కొలిచి, మొదటి సిపాయిని నడిపించాడు. రెండోవాణ్ని నడిపిస్తుండగా భుజం పక్కన గొంతు వినిపించింది.

"సార్, ఒక్క నిమిషం. వీళ్లు ఎన్ని అంగుళాలు నడవాలి?"

"ఎనిమిది."

"ఎనిమిది సిపాయిది. మరి మీ బొటనవేలు ఎవరి కోటాలో నడుస్తున్నది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భీమ్‌రావ్ చేతికేసి చూసుకున్నాడు. టేపు మీద ఎనిమిది దగ్గర బొటనవేలు ఆనించి ఉంది. సిపాయి ఆ వేలికి అవతల నిలబడి ఉన్నాడు. కొలత దగ్గర వేలు పెట్టి, కుట్టు మడతకని ఆ వేలి వెడల్పు గుడ్డ వదలడం దర్జీ చేతికి పుట్టిన అలవాటు. గుడ్డ మీద ఆ వేలు లేకపోతే చొక్కా పట్టదు. బల్ల మీద ఆ వేలు ఉంటే, నాలుగైదు వంతులు తిరిగేసరికి సైన్యం బెత్తెడు ముందుకు వచ్చేస్తుంది. గురి అందని తుపాకులకు గురి అందుతుంది. అతని గెలుపులన్నీ ఆ బెత్తెడు దూరంలోనే ఉన్నాయి.

కావాలని చేసిన పని కాదు. అందుకే మరీ ఘోరం. కావాలని మోసం చేసినవాడికి కనీసం తెలివైనవాణ్నన్న తృప్తి మిగులుతుంది.

వేలు తీసేసి ఆడితే తుపాకులు ఎక్కడికీ చేరలేదు. ఆ రౌండూ పోయింది, తర్వాతిదీ పోయింది. అటు ఖండప్ప కూడా రెండూ ఓడాడు. ఫంక్షన్ హాలు వాస్తు ఏనుగులకు పడదని హైదరాబాద్ కుర్రాడికి వివరంగా చెప్పాడు.

మధ్యాహ్నం ప్రేమల జొన్నరొట్టెలు తెచ్చింది. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర భీమ్‌రావ్ ఖండప్పను నిలదీశాడు. వెంట్రుకంత గీత పడినా అద్దం వాపసు పంపే మనిషి. అంత లావు బొటనవేలు కనిపించకుండా ఉంటుందా?

"నీకు ఎరుకేనా?"

"ఏంది?"

"నా వేలు."

"వేలా? మా పైగదిల బల్ల వాలుగుంటది గదా, దాంతోని..."

"బల్ల మాట ఎత్తకు! సక్కగ చెప్పు!"

ఖండప్ప కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు. దాని మీద ఏదో చెప్పబోయాడు. ప్రేమల రొట్టెల మూట బండ మీద పెట్టేసింది.

"మొదటి ఆదివారమే సూసిండు తమ్మీ. ఇంటికి వచ్చి నాతోని చెప్పిండు. మరి భీమ్‌రావ్‌కు చెప్పరాదా అంటే, చెప్తే మళ్ల రాడు అన్నడు."

భీమ్‌రావ్ ముఖం కందిపోయింది. కృతజ్ఞత కాదు, ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు నా మీద దయ తలుస్తుంటివా? నేను గెలిచిన గెలిచిన అని ఎగురుతుంటే మొగుడు పెండ్లాలు కూసోని నవ్వుకుంటుండ్రా?"

"ఎవరు నవ్విన్రు?" ఖండప్పకు కూడా కోపం వచ్చింది. "కాశీబాయి నువ్వు కుట్టిన జాకిట్ జర బిగువైందన్నది. తప్పుగ అన్నదా? ఆమెతోని మూడేండ్లు మాట బంద్ చేస్తివి. ఆమె ఇంటి ముందలికెల్లి పోవుడు కూడా బంద్ చేస్తివి. నేను నీ వేలును అంటే ఊకుంటుంటివా? అందుకే బల్లను అన్న. బల్లకు కోపం రాదు."

"కాకి?"

"కాకిది నిజంగనే తప్పు. ఏనుగులు బెదిరినయ్."

భీమ్‌రావ్ రొట్టె ముట్టలేదు. తాను గెలిచిన ఆదివారాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి నడిచి వచ్చి తన ముందు తలదించుకుని నిలబడినట్టుంది. ఓడిన అనమని ఈ మనిషిని ఎన్నిసార్లు పీడించాడు! ఓడనివాడు ఓడిన అని ఎలా అంటాడు? ఎందుకు ఓడలేదో చెబితే స్నేహితుడు పోతాడు. మిగిలింది బల్ల, ఫ్యాను, చక్కెర.

చివరి రౌండుకు జెస్సికా మైకు అందుకుంది. అన్నీ ఓడినవాళ్లకు అన్నీ ఓడినవాళ్లతోనే జత వేస్తారట. అలాంటివాళ్లు హాలు మొత్తంలో ఇద్దరే ఉన్నారు. బీదర్ ఖండప్ప, బీదర్ భీమ్‌రావ్. హైదరాబాద్, సోలాపూర్, కలబురగి తరలివస్తే, వీళ్లిద్దరూ మళ్లీ ఒకరికొకరే మిగిలారు.

వాళ్ల బల్లను ఎవరూ పట్టించుకోలేదు. ప్రేమల మాత్రం వధువు సింహాసనంలో కూర్చుని చూసింది. భీమ్‌రావ్ వేళ్లన్నీ వెనక్కి మడిచి, స్కేలుతో కొలిచి, సిపాయిలను గోటితో తోస్తూ ఆడాడు. ఖండప్ప ఒకసారి "ఇంకో వేలంత ముందుకు పోనీరాదు" అని గొణిగాడు. భీమ్‌రావ్ పోనివ్వలేదు. గుట్ట వెనకనుంచి తెల్ల ఏనుగులు దిగాయి. తుపాకులు గురికి రాకముందే వరస మొత్తం తొక్కేశాయి. ఇద్దరూ మొదటిసారి చూసిన దృశ్యం అది.

భీమ్‌రావ్ చచ్చిన సిపాయిలను ఒక్కొక్కరినే డబ్బాలో పెట్టాడు. మూత వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఓడిన అన్నా."

గెలిచిన మనిషికి ముఖం వెలగాలి. ఖండప్ప మాత్రం ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు కంగారుపడ్డాడు. పైకప్పు చూశాడు, లైట్లు చూశాడు, బల్ల కాళ్లు కూడా వంగి చూశాడు. ఏదీ పనికిరాలేదు.

"ఎవరు ఓడిండ్రు?"

"నేను. ఓడిన అంటున్న గదా."

"నువ్వేం ఓడలే. నీ అద్దాల నంబర్ మారింది. గుట్ట ఎనక ఉన్న ఏనుగు నీకు కానరాలే."

"మంచిగ కనవడ్డది."

"కనవడలే అంటుంటే! ఆ అద్దాలు ఖరాబున్నయ్. ఖరాబు అద్దాలు పెట్టుకున్నోడు ఎట్ల ఓడుతడు?"

భీమ్‌రావ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద, ఏనుగుల మధ్య పెట్టాడు.

"ఇవి ఎవరు చేసిన్రు?"

ఖండప్ప వాటివైపు చూశాడు. సింహాసనంలో ప్రేమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్రేము మీద వేయొచ్చు, లెన్సు పంపినవాడి మీద వేయొచ్చు, వాన మీద వేయొచ్చు. ఈసారి ఎవరి మీదా వేయలేదు.

"నేనే."

"మరి తప్పెవరిది?"

"నాదే."

భీమ్‌రావ్ అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఏనుగు చెవి అంచున గులాబీ మచ్చలు, అంబారీ మీద జరీ గీత, అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్లకు ఈ మనిషి ఒక్క తప్పు ఒప్పుకున్నాడు. అదీ అబద్ధమే.

"అయితే కొత్త అద్దాలు ఊకెనే చేసిస్తవా?"

"ఊకెనే ఎందుకిస్త?" అన్నాడు ఖండప్ప, ఏనుగులను డబ్బాలో సర్దుకుంటూ. "తప్పు నాది గాని, కండ్లు నీయి గదా."