తోకలో బావమరిది

మా వీధి పళ్ళ డాక్టరు సొంత బావమరిదిని విమానం తోకలో కూర్చోబెట్టి, బయటి నుంచి రేకు మూసి రివెట్లు కొట్టేశాడు. మనిషి రెండు రోజులు అందులోనే ఉన్నాడు. సరే, రెండు రోజులు కాదు, ఒక మధ్యాహ్నం. రేకు మూసిన మాట కూడా కొంచెం ఎక్కువే; దూరిన సందులోంచే బయటికి రావచ్చు. రివెట్లు కొట్టిన మాట మాత్రం నిజం.

డాక్టరు తన కారు షెడ్డులో ఇద్దరు పట్టే చిన్న విమానం కట్టుకుంటున్నాడు. పొద్దున పళ్ళు, సాయంత్రం రేకులు. రెండింటికీ డ్రిల్లే కదా అంటాడు. రెండో సీటు భార్యది. ఆవిడకు మోకాలి నొప్పి, రెక్క మీదికి కాలెత్తి ఎక్కలేదు.

"మెట్టు పెట్టండి, ఎక్కుతాను. అది ఊగిందా, మీరొక్కరే ఎగరండి," అని ఖరాఖండిగా చెప్పేసింది.

మెట్టంటే రెక్క వెనక, తోక మొదట్లో విమానం పక్క రేకుకు బిగించే ఒక గొట్టం, దాని చివర పాదం పట్టేంత పలక. చిక్కంతా దాన్ని బిగించే రివెట్ల దగ్గరే వచ్చింది. పాప్ రివెట్లయితే బయటి నుంచే లాగి బిగించవచ్చు, ఒక్కడు చాలు. కానీ అవి లోపల బోలు. బరువు పడే చోట తొందరగా వదులవుతాయి. గట్టి రివెట్లు అలా కాదు. బయట ఒకడు రివెట్లు కొట్టే గన్నుతో కొడుతుంటే లోపల ఇంకొకడు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అప్పుడే రెండో కొస అణిగి పట్టు బిగుస్తుంది. లోపలంటే విమానం తోక. అందులో దూరగలిగేంత బక్క మనిషి డాక్టరుకు తెలిసినవాళ్ళలో ఒక్కడే: కళ్ళజోళ్ళ దుకాణం నడిపే బావమరిది.

అతనితో డాక్టరుకు మాటల్లేవు. నొప్పి పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకాడని అతని కోపం. అదీ పుచ్చిందేనని ఈయన పంతం.

అందుకని డాక్టరు పాప్ రివెట్లే ఎంచుకున్నాడు. బరువు తక్కువ, పని తేలిక అని భార్యకు పెద్ద పాఠమే చెప్పాడు. కొన్నాళ్ళకే రివెట్ల చుట్టూ నల్లటి మసి తేలింది. రేకు కదిలి అరిగితే వచ్చే పొడి అది. భార్య కాలు పెట్టి చూసింది. మెట్టు వంగి దండం పెట్టింది.

"ఇవి తీసి గట్టివి వేయండి."

"లోపల పట్టడానికి మనిషి కావాలి."

"మా తమ్ముడున్నాడు."

"వాడా!"

"వాడే. లేకపోతే నా సీట్లో ఇసుక బస్తా పెట్టుకుని ఎగరండి."

ఆవిడే కబురు పెట్టింది. బావమరిది వచ్చాడు. బావ పక్కనే ఉన్నా, చూడ్డానికి వచ్చిన నా వైపు తిరిగి, "నేనొచ్చింది మా అక్క మోకాలి కోసం," అని చెప్పి తోకలోకి పాకాడు.

గన్ను మోతలో మాటలు వినపడవు కాబట్టి ఈ పనిలో దెబ్బల భాష ఉంది. లోపలివాడు ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే చెడింది, తీసెయ్యమని. మాటల్లేని బావాబావమరుదులకు ఇంతకంటే సుఖమేముంది!

మొదటి రివెట్టు. టక్ టక్ టక్. డాక్టరు డ్రిల్లు పెట్టి తీసి, ఇంకోటి కొట్టాడు. టక్ టక్ టక్. అదీ తీశాడు. తర్వాతదానికీ అంతే. లోపల రాలిన ముక్కల్ని బావమరిది సందులోంచి బయటికి విసిరాడు. ఏరి చూస్తే ఒక్కొక్కటి చొక్కా గుండీలా చక్కగా అణిగి ఉంది.

"బాగున్నదాన్ని పీకిస్తావేంరా!" అని అరిచాడు డాక్టరు.

తోకలోంచి గొంతు వచ్చింది: "బాగున్నదాన్ని పీకితే ఎలా ఉంటుందో తెలిసిందా బావా?"

ఇంకోసారి డ్రిల్లు తగిలితే కన్నం పెద్దదవుతుంది. ఆ సైజు రివెట్టు ఇక పట్టదు. భార్య కుర్చీలో కూర్చుని మోకాలు రాసుకుంటూ మొగుడినే చూస్తోంది. డాక్టరు గన్ను కింద పెట్టి, రేకుకు నోరు ఆనించాడు.

"ఆ పన్ను మంచిదేరా. పొరపాటు నాదే."

"వినపడలేదు."

"పొరపాటు నాదేరా!" వీధి చివరి దాకా వినపడింది.

తర్వాతి రివెట్టుకు టక్ టక్. మిగతావాటన్నిటికీ టక్ టక్. భార్య మెట్టు మీద బరువంతా వేసి నిలబడి, ఇంకా నమ్మకం కుదరక రెండు కుదుపులు కుదిపింది. మెట్టు ఉలకలేదు, పలకలేదు.

ఇదంతా రాసి ఆస్పత్రికి తీసుకెళ్ళి డాక్టరుకు చదివి వినిపించాను. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నది బావమరిదే, కట్టుడు పన్ను పెట్టించుకుంటున్నాడు.

"ఒక్క ముక్క నిజం కాదు," అన్నాడు డాక్టరు. "నేను మంచి పన్ను పీకలేదు. ఎవడికీ క్షమాపణ చెప్పలేదు. వీడు తోకలో దూరనే లేదు."

బావమరిది కుర్చీ చేతి మీద మూడుసార్లు తట్టాడు.

"వీడికి నొప్పెట్టినట్టుంది," అన్నాడు డాక్టరు. "అయినా మా విమానానికి అసలు మెట్టే లేదు."